రెండో డ్యూటీ పేరు

అమీర్‌పేటలో బస్సెక్కి కూర్చోగానే, పక్క సీట్లో ఉన్న సెక్యూరిటీ గార్డు నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. పొద్దున ఎనిమిదిన్నర. నా నోరు ఊరుకోదు కదా.

"అన్నా, నా భుజం కాడ సుత డ్యూటీ ఏసిండ్రా నీకు?"

ఆయన ఉలిక్కిపడి లేచాడు. "నిన్న పొద్దుగాల డ్యూటీ ఎక్కిన తమ్మీ. రాత్రికి నన్ను ఇడిపించే రిలీవర్ రాలే. ఇప్పుడే దిగిన."

"ఇరవై నాలుగు గంటలా? రూల్ ఒప్పుకోదు కదనే!"

"అందుకే రెండు పేర్లు. పన్నెండు గంటలు నా పేరు మీద సంతకం పెడ్త. మిగిలిన పన్నెండు, ఎప్పుడో మానేసి పోయినోని పేరు మీద పెట్టిస్తరు. రిజిస్టర్ల అంతా సక్కగుంటది."

"మస్తుంది! అలసిపోయేది వాడు, నిద్రపోయేది నువ్వు."

ఆయన నవ్వలేదు. "గా టైంల నాకేమన్న అయితే, నేను డ్యూటీల లేనట్టే తమ్మీ. నా ఇంటిదానికి ఏం రాదు."



పంజగుట్టలో ఆయన లేచాడు. "నీ పేరేందన్నా?" అని అడిగాను. తడుముకోకుండా చెప్పి, బస్సు దిగాడు. రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి వచ్చి కిటికీ చువ్వలు పట్టుకున్నాడు.

"కాదు తమ్మీ, అది వానిది."

అసలు పేరు చెప్పేలోగా బస్సు కదిలింది.