నేను తీసిన వీడియోనే

హుజూర్‌నగర్ దగ్గర మండల విలేకరిగా ఉన్నప్పుడు, సర్పంచ్ ఎన్నికల్లో గొర్రెలు కాసే ఇంటి నుంచి ఒకామె నిలబడింది. నా యూట్యూబ్ చానల్ కోసం ఆమెను గొర్రెల దొడ్డి ముందు కూర్చోబెట్టి మాట్లాడించాను. గెలిస్తే మొదట ముసలివాళ్ల పింఛన్ల సంగతి చూస్తానంది. ఆ మాట లేని చిన్న ముక్కే చానల్లో పెట్టాను.

పోలింగ్ ముందురోజు పొద్దున నా ఫోన్‌కు ఒక వీడియో వచ్చింది. అందులో ఆమే. "పింఛన్ తిని పండే ముసలోళ్లు సస్తే ఊరికి పీడ పోతది" అంటోంది. వేరేవాళ్లు ముందే పెడతారేమోనన్న ఆత్రంలో చానల్లో పెట్టేశాను. పైన 'వైరల్ వీడియో' అని రాశాను. ఆ మాట రాస్తే తప్పు మన మీదికి రాదని మా విలేకరుల నమ్మకం.

చాయ్ తాగుతూ మళ్లీ చూశాను. వెనక అదే దొడ్డి. ఒంటిమీద అదే పచ్చచీర. మూలన నా మైకు. నేను తీసిందే తీసుకుని, ఎవరో మాటలు మార్చారు. అసలుది మొత్తం నా ఫోన్‌లోనే ఉంది.

పత్రిక ఆఫీసులో మా సార్‌కు ఫోన్ చేశాను. "అబద్ధమని రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్త సార్."

"రేపు పోలింగ్ పెట్టుకొని గిప్పుడేంది? ఒకళ్ల దిక్కు మాట్లాడినట్లైతది. ఓట్లైనంక చూద్దాం."

నా చానల్లోంచి తీసేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ చూసేవాళ్లు నిమిషనిమిషానికీ పెరుగుతున్నారు. తీయలేదు.

ఓటెయ్యడానికి పోతూ ముసలమ్మలు ఆమె వాకిట్లో ఉమ్మేసి పోయారు. ఆమె ఓడిపోయింది. తర్వాత రెండు వీడియోలూ పెట్టాను. "ఓడినంక కొత్తది చేయించిండ్రు" అని కింద రాశారు. ఎరువు కోసం ఏటా పిలిచి మంద పెట్టించుకునే రైతులు, ఆ ఏడు ఆమె గొర్రెలను చేలల్లోకి రానివ్వలేదు.

ఆమె ఇంటికి వెళ్లాను. అత్త ఆమె చేతి అన్నం మానేసి, గిన్నె పట్టుకుని పక్కింటి గడపలో కూర్చుంది. ఆ ముసలమ్మకు అసలు వీడియో చూపించాను. కళ్లు చికిలించి చూసింది.

"గిది ఒట్టిది. దాని మనసుల మాట గదే," అంది కోడలికి వినబడేలా.

కోడలు నావైపు తిరిగింది. "తమ్మీ, ఓట్లకంటె ముందుగాలనే నీకు ఎరుకేనా?"

"ఎరుకే అక్కా. మా సార్ ఆగమన్నడు."

"నాకు చెప్పొద్దన్నడా?"

అలా ఎవరూ అనలేదు. నేను బండి తీసుకుని వచ్చేశాను.

ఆ ఎండాకాలమే వాళ్లు మంద అమ్ముకున్నారు. ఆమె చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో ఊడ్చే పనికి కుదిరింది. అత్త వెంట పోలేదు. ఆ ఎన్నికల తర్వాత నా చానల్‌ను చూసేవాళ్లు పెరిగారు. జిల్లా కేంద్రానికి నన్ను విలేకరిగా పంపారు.