యాదగిరన్న చేతిలో గ్లాసు

యాదగిరన్న పోయాడన్న వార్త నాకు సోమవారం పొద్దున, గచ్చిబౌలి ఆఫీసులో, ఓ పనికిమాలిన మీటింగు మధ్యలో అందింది. ఫోన్ చేసింది మా టీములోని రాఘవ. "మేడమ్, అన్న ఛాతీలో నొప్పి అన్నాడంట. దవాఖానకు తీసుకుపోయేలోపే..." అని ఆగిపోయాడు. నేను "సరే, సరే" అన్నాను. ఏం సరే? ఏమిటి సరే? ఆ మాట నా నోట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. శుక్రవారం సాయంత్రం క్యాబ్ ఎక్కుతుంటే "రేపు జల్ది రా చెల్లె, మొక్కజొన్న పొత్తులు కాలుద్దాం" అన్న మనిషి. శనివారం చక్కగా కాల్చి పెట్టిన మనిషి. సోమవారానికి స్మృతిశేషుడయ్యాడు.

ఆయన మా కంపెనీలో రవాణా విభాగం చూసేవాడు. ఎవరి బస్సు ఎక్కడ ఆగాలి, ఎవరికి క్యాబ్ పంపాలి, అదంతా ఆయన బాధ్యత. పుట్టింది గోపన్‌పల్లిలోనే. తండ్రి జొన్న వేసిన చెలకలోనే ఇప్పుడు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది. అందులో పై అంతస్తు ఫ్లాటు, దాని మీది డాబా అన్న వంతుకు వచ్చాయి. "మా నాయిన కింద దున్నిండు, నేను పైన కూసున్న" అని నవ్వేవాడు. ఆ కూర్చోవడమే ఆయన జీవితకళ. నవ్వకండి, నేను నిజంగానే అంటున్నాను. తీరిగ్గా కూర్చోవడం కూడా ఒక విద్య అని, దానికి గురువు కావాలని నాకు ఆయన దగ్గరే తెలిసింది.

నేను గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చినదాన్ని. లింగంపల్లిలో ఒంటరిగా ఉంటాను. ఐదు రోజులూ ఎలాగో గడిచిపోయేవి. శనివారం వస్తే మాత్రం గుండెల్లో రాయి పడేది. ఆ రోజంతా ఏం చేసుకోవాలో తోచక, పనేమీ లేకపోయినా క్యాబ్ పెట్టించుకుని ఆఫీసుకు వచ్చి కూర్చునేదాన్ని. ఒకసారి అన్న నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"శనివారం గూడ ఏం పని చెల్లె నీకు?"

"పెండింగ్ ఉందండీ."

"అబద్ధం ఆడకు. ఇంట్ల నిలువబుద్ధి అయితలేదా?"

నాకు ఒళ్లు మండింది. ఈయనకెందుకండీ నా ఇంటి సంగతి, అనుకున్నాను. మరుసటి శనివారం మాత్రం ఆఫీసుకు బయల్దేరిన నా క్యాబ్ సరాసరి గోపన్‌పల్లికి పోయి ఆగింది. డ్రైవర్‌ను గద్దిస్తే "యాదగిరి సార్ చెప్పిండు మేడమ్" అన్నాడు. గేటు దగ్గర అన్న, పక్కన ఆయన భార్య సుగుణ వదిన. తిట్టడానికి నోరు తెరిచాను. వదిన నా చేతిలో నన్నారి షర్బత్తు పెట్టింది. ఇక తిట్టడం కుదరలేదు.

అన్న డాబా మీద ప్రతి శనివారం సాయంత్రం కూడే ఆ కూటమికి కొన్ని కట్టుబాట్లు ఉండేవి. మొదటిది, చెప్పులతో పాటు లాప్‌టాప్ కూడా గుమ్మం బయటే. రాఘవ మొదట్లో సంచి భుజాన వేసుకుని పైకి వస్తే అన్న దాన్ని తీసుకెళ్లి చెప్పుల అరలో దోపి వచ్చాడు. "గుడికి పోతే చెప్పులేసుకొని పోతవా? ఫికర్ చెయ్యకు, నీ చెప్పులనే ఎవ్వడు ఎత్తుకపోలే, దాన్ని ఎవడెత్తుకపోతడు?" రాఘవ ఆ సాయంత్రమంతా పరధ్యానంగానే ఉన్నాడు. నెల తిరిగేసరికి మాత్రం కొత్తవాళ్లకు వాడే ఆ నియమం చెబుతున్నాడు.

రెండోది, ఒక్కొక్కరికి ఒక పాట. ఖవ్వాలీ కావచ్చు, కీర్తన కావచ్చు, బోనాల పాట కావచ్చు, సినిమా పాట కావచ్చు. పెట్టిన పాట పూర్తిగా వినాలి. మధ్యలో ఆపకూడదు, మాట్లాడకూడదు. "నచ్చకుంటే గుటకెయ్యి, నోరెత్తకు" అన్నది ఆయన శాసనం. రాఘవ పెట్టే పాటలు వింటూ నేను ఎన్ని గుటకలు వేశానో ఆ భగవంతుడికే తెలియాలి. ఓ రోజు ఉండబట్టలేక "ఇది పాటేనా అన్నా?" అని అడిగేశాను. పాట అయ్యాక అన్న మెల్లగా చెప్పాడు: "పాట నడుమ మాట్లాడుడు ఎసొంటిదో ఎర్కేనా? ఒకడు మనసుల మాట చెప్తుంటే వాని నోరు మూసినట్టు. గా పిల్లగాడు గీ పాట ఎందుకు పెట్టిండో మనకేమెరుక?" ఆ తర్వాత నేను పాట మధ్యలో నోరెత్తలేదు.

మూడో అంతస్తులో ఉండే సుబ్రహ్మణ్యంగారు రిటైరైన ప్రభుత్వోద్యోగి, మా కోస్తావారే. ఒక సాయంత్రం దుమదుమలాడుతూ పైకి వచ్చారు. "ఏమండీ, ఇది కాపురాలుండే చోటా, కల్లుపాకా? ఈ గోలేంటండీ?" అన్నారు. మేమంతా బిక్కచచ్చిపోయాం. అన్న లేచి తన కుర్చీ ఆయనకు వేశాడు. "కూసోండ్రి సార్. మీ పాటేందో చెప్పుండ్రి, పెడత." ఆయన తెల్లబోయారు. చివరికి ఒక కీర్తన పేరు చెప్పారు. అది వింటూ ఆయన కళ్లు మూసుకున్నారు. పోయిన ఇల్లాలు పాడేదట. ఆ సంగతి ఆయన మాకు చెప్పింది చాలా వారాల తర్వాత. అప్పట్నుంచి శనివారం శనివారం ఆయన పుణుకులు వేయించుకుని పైకి వచ్చేవారు. మజ్జిగ గ్లాసుతో ఆ కుర్చీలోనే కూర్చునేవారు.

పానీయాల విషయంలో అన్నది సర్వమత సమానత్వం. రాఘవకు బీరు, సుబ్రహ్మణ్యంగారికి మజ్జిగ, నాకు షర్బత్తు. కాలం వస్తే శంకర్‌పల్లి వైపు నుంచి ఈతకల్లు. ఎవరికి ఏది ఇష్టమో అడగకుండానే చేతికి వచ్చేది. ఆయన చేతిలో మాత్రం ఎప్పుడూ ఒకటే గాజు గ్లాసు, అందులో ఒకటే రంగు. అది ఏ బ్రాండ్ విస్కీయో అని రాఘవ తెగ ఆరా తీసేవాడు. "నా బ్రాండ్ నీకు దొరకది" అనేవాడు అన్న.

దినాల నాడు పిట్టకు పెట్టడం ఇక్కడి ఆచారం. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తరిలో వడ్డించి కాకి కోసం ఎదురుచూస్తారు. తాగేవాడైతే తాగే మందూ పెడతారు. విస్తరి పెట్టడానికి చెరువు గట్లూ పొలం గట్లూ ఇప్పుడెక్కడున్నాయి కనక? ఆ డాబా మీదే పెట్టారు. మటన్ కూర, బోటీ, గారెలు, కల్లు. రాఘవ మా అందరి తరఫున ఖరీదైన విస్కీ సీసా తెచ్చి, అన్న గ్లాసునిండా పోసి విస్తరి పక్కన భక్తిగా పెట్టాడు. ఆ పెట్టడంలో మాకు కొంత గర్వం కూడా ఉంది. అన్న రుచి తెలిసినవాళ్లం మేమే కదా!

కాకి పక్క బిల్డింగు నీళ్ల ట్యాంకు మీద కూర్చుంది. దిగదు. ఎంతసేపైనా దిగదు. "ఏదో కోరిక ఉన్నది పాపం" అని ఆడవాళ్లు గుసగుసలాడారు. రాఘవ కళ్లనీళ్లు తుడుచుకుంటూ స్పీకర్ తెచ్చి, అన్న ఎప్పుడూ ఆఖరున పెట్టుకునే ఖవ్వాలీ పెట్టాడు. అప్పుడు సుగుణ వదిన లేచింది. ఆ గ్లాసు తీసి, విస్కీని మోరీలో పారబోసి, కిందికి వెళ్లి స్టీలు ఫ్లాస్కుతో వచ్చింది. అందులోంచి గ్లాసులోకి పోసింది. అదే రంగు. పాలు లేని టీ.

"మీ అన్న మందు ముట్టక నాలుగైదేండ్లాయె," అంది. "కార్జం ఖరాబైందని డాక్టర్ బంద్ చేయించిండు."

నాకు కోపం వచ్చింది. అవును, అంత దుఃఖంలోనూ కోపమే వచ్చింది. ఇన్నేళ్లూ ఎదురుగా కూర్చుని మా కళ్లు కప్పాడా? "మాకు చెబితే ఏం పోయింది వదినా?" అని గట్టిగానే అడిగాను.

"నేను గూడ గదే అడిగిన. ఏమన్నడో ఎర్కేనా? 'నేను తాగుతలేనంటే వాళ్లు మొహమాటపడతరే. ఒక వారం వస్తరు, రెండో వారం వస్తరు, మూడో వారం పనున్నదంటరు. చేతిల గ్లాసు ఉన్నోని ఎదురుంగ మనిషి కూసుంటడు. వాళ్లు ఈడికెల్లి లేస్తే యాడికి పోతరు? ఒక్కొక్కరు ఒక్కో రూములకు పోతరు. గంతే గదా' అన్నడు."

సుబ్రహ్మణ్యంగారు కండువాతో ముఖం కప్పుకున్నారు. నేను ఏడ్చాను, సిగ్గుపడకుండా ఏడ్చాను. అలాంటి స్నేహితుడు నాకు మళ్లీ దొరకడు. దొరకడని రాయడానికి నాకు ఏ అలంకారమూ అక్కర్లేదు.

అంతలో కాకి వచ్చింది. టీ వైపు కన్నెత్తి చూడలేదు, మటన్ కూరలోని నల్లి బొక్క నోట కరుచుకుని ఎగిరిపోయింది. వదిన ఏడుస్తూనే నవ్వింది. పిట్ట ముట్టింది కదా అని చుట్టాలు లేచారు. రాఘవ ఖవ్వాలీ ఆపబోయాడు. "ఉండనియ్యి, పాట ఒడవనియ్యి" అంది వదిన. లేచినవాళ్లు మళ్లీ కూర్చున్నారు. అది ముగిసేదాకా ఎవరూ మాట్లాడలేదు.

వెళ్లేటప్పుడు వదిన ఫ్లాస్కు నా చేతిలో పెట్టింది. "డాబా ఉన్నది, కుర్చీలున్నయి. నా వల్ల గాదు చెల్లె, నువ్వు కూసో" అంది.

నాకు అంత నేర్పు లేదు. నాకు ఓర్పు తక్కువ, నోరెక్కువ. అన్న లేని ఆ చోటు ఎవరు కూర్చున్నా నిండేది కాదు. అయినా ఇవాళ శనివారం. ఇక్కడ లింగంపల్లిలో టీ మరిగించి ఫ్లాస్కులో పోసి ఇది రాస్తున్నాను. అందరికీ డాబా మీదికి రమ్మని చెప్పాను. రాఘవ "ఆఫీసులో పనుంది మేడమ్" అని నసిగాడు. వాడికి నేనే క్యాబ్ పెట్టించాను. ఎక్కడికని చెప్పలేదు.