మంచులో తగిలిన దెబ్బకి దబీర్‌పురాలో మందు

2007 ఫిబ్రవరిలో, ఉత్తరాది కొండల్లోని ఔలీ మంచువాలు మీద నా కుడి మోకాలు మెలిపడింది. స్కీయింగ్ ప్రాథమిక శిక్షణ ఇంకో రెండు రోజుల్లో ముగుస్తుందనగా, వెనకనుంచి వస్తున్న నర్సింగ్ వేగం ఆపుకోలేక నన్ను గుద్దేశాడు. మా పర్వతారోహణ క్లబ్బు నుంచి వెళ్ళింది మేమిద్దరమే. నేను సికింద్రాబాద్‌లో ఆఫీసు ఉద్యోగిని, అతను లాల్‌దర్వాజాలో ఉంటూ బస్సు డిపోలో మెకానిక్‌గా చేసేవాడు. లిగమెంటు కొంత చిరిగింది, ఆపరేషన్ అక్కర్లేదు, వ్యాయామాలు చేస్తే చాలు అన్నారు డాక్టరు. ఒక నెల చేశాను. తర్వాత బద్ధకించాను. నవంబరు వచ్చేసరికి మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. జనవరిలోనేమో పైస్థాయి కోర్సు, అది కాగానే రాష్ట్ర జట్టు ఎంపిక. ఏం చెయ్యాలో తోచక కూర్చున్నప్పుడు నర్సింగ్ ఫోన్ చేశాడు. "అన్నా, దబీర్‌పురాల ఒక జిమ్ముల పెప్టైడ్ సూది దొరుకుతదంట. ఫారిన్ల స్కీయింగ్ చేసేటోళ్ళు గదే ఏస్కుంటరంట. పది దినాలల్ల కాలు సాఫ్ అయితదంట. శనివారం రా."

ఆ సాయంత్రం ఇంటర్నెట్ సెంటర్లో గంటసేపు కూర్చున్నాను. ప్రోటీన్లు ఏ గొలుసులతో తయారవుతాయో, ఆ గొలుసుల చిన్న ముక్కల్ని పెప్టైడ్లంటారట. దెబ్బతిన్న కండనీ నరాన్నీ తొందరగా అతికిస్తాయని విదేశీ స్కీయర్లు కొందరు తెగ పొగిడారు. ఎంతమంది మనుషుల మీద పరీక్షించి చూశారో మాత్రం ఎక్కడా కనిపించలేదు. ఆ రోజు నాకది పెద్ద విషయంగా తోచలేదు.

శనివారం పొద్దున్నే సికింద్రాబాద్‌లో లోకల్ రైలెక్కాను. టికెట్టు ఐదు రూపాయలే. అరగంటకి దబీర్‌పురాలో దిగి, కుంటుకుంటూ ఆటో దగ్గరికి వెళ్తే తెల్లగడ్డం డ్రైవరు చెయ్యిచ్చి ఎక్కించాడు.

"ఏంది భాయ్, మోకాలికి ఏమైంది?"

"మంచులో పడ్డానండీ."

ఆయన వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూశాడు. "హైదరాబాద్‌ల మంచు ఏడిది? ఐసు గోలా బండి కాడ జారినవా?"

దారంతా నవ్వుకుంటూనే ఉన్నాడు. నాకూ నవ్వాగలేదు. పదిహేను రూపాయలు తీసుకుని, "ఇన్షా అల్లా, జల్దీ నయమైతది" అని సైకిళ్ళ దుకాణం ముందు దింపాడు. జిమ్ము దాని పైఅంతస్తులో ఉంది. నర్సింగ్ మెట్ల దగ్గరే నిలబడి ఎదురుచూస్తున్నాడు.

జిమ్ము నడిపే మహేష్‌కి పాతికేళ్ళుంటాయి. పెన్నులూ ఫోన్ ఛార్జరూ పడేసి ఉన్న సొరుగులోంచి వేలెడంత గాజుసీసా తీశాడు. అడుగున తెల్లటి పొడి. నేను దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చదివాను. ప్రయోగశాలల కోసమే, మనుషులకు వాడకూడదు అని ఇంగ్లీషులో సన్నటి అక్షరాలు.

"గది అందరు రాస్తరు అన్నా. ట్యాక్స్ కోసం."

"ఫ్రిజ్‌లో పెట్టక్కర్లేదా?"

"చలికాలమే గద!"

"జట్టు ఎంపికప్పుడు డోపింగ్ పరీక్ష చేస్తే దొరకమా?"

"రాష్ట్రం లెవెల్ల ఎవడు చేస్తడు? ఫికర్ చెయ్యకు."

ఇంత విన్నాక కూడా నేను బెంచీ మీద కూర్చుని ప్యాంటు మోకాలి పైకి మడిచాను. జనవరి అంతగా నా నెత్తికెక్కింది. మహేష్ పొడిలో నీళ్ళు కలిపి సిరంజిలోకి తీస్తుంటే నర్సింగ్ అడ్డం వచ్చాడు.

"ఆగు. ముందుగల నాకు వెయ్యి."

"నీకేం దెబ్బ తాకింది?" అన్నాడు మహేష్.

"ఏం తాకలే. అన్నను గుద్దింది నేను. ఈ మందుతోని ఏమన్న అయ్యేది ఉంటే నాకే కానీ." అంటూ చొక్కా చెయ్యి పైకి లాక్కున్నాడు. చెయ్యి సిరంజి ముందు చాపాడు.

నాకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఔలీలో జరిగింది నాకొక్కడికే తెలుసు. వాలు మధ్యలో ఆగొద్దని శిక్షకుడు రోజూ చెప్పేవారు. నేను మాత్రం కొండల ఫోటో తీద్దామని, వెనక్కి చూడకుండా ఉన్నపళాన ఆగాను. నర్సింగ్ క్షమాపణ చెప్పిన ప్రతిసారీ "పర్లేదులే" అంటూ పెద్దమనిషిలా తలూపుతూ వచ్చాను, తొమ్మిది నెలలుగా.

"చెయ్యి దించు నర్సింగ్. తప్పు నాది. ఫోటో కోసం నేనే ఆగిపోయాను."

అతను చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. "ఫోటోనా? తొమ్మిది నెలల సంది నాకు కంటి మీద కునుకు లేదు. నువ్వు ఫోటో కోసం ఆగినవా?" ముఖం ఎర్రబడింది. కొడతాడేమో అనుకున్నాను. "ఫోటో అన్నా మంచిగొచ్చిందా?"

"రాలేదు. నీ మోచెయ్యి పడింది."

ఇద్దరం ఒకరి భుజాలు ఒకరం పట్టుకుని పగలబడి నవ్వాం. "మీ లొల్లి బయట పెట్టుకోండ్రి, సూది ఏసుకునేది ఉన్నదా లేదా?" అని మహేష్ విసుక్కున్నాడు. లేదని చెప్పి మెట్లు దిగేశాం.

దారిలో మాదన్నపేట మార్కెట్లో ఆగాం. కూరగాయలు తేకుండా ఇంటికెళ్తే నర్సింగ్‌కి ఆరోజు రెండో గండం తప్పదట. లాల్‌దర్వాజా సందులో వాళ్ళిల్లు చేరేసరికి ఒంటిగంట. అతని భార్య లక్ష్మి ప్రభుత్వాసుపత్రిలో నర్సు. పచ్చిపులుసూ, పప్పూ, వంకాయ కూరా వడ్డిస్తూ సంగతంతా విన్నది. అన్నం అయ్యాక నన్ను ఒంటికాలి మీద నిలబడమంది. పది లెక్కపెట్టేలోపే గోడ పట్టుకున్నాను.

"తొడ ఎంత సన్నగయిందో చూడు అన్నా. కండ లేకపోతే మోకాలిని ఏది పట్టుకుంటది? ఏం మందో తెల్వది, ఏడికెల్లి వచ్చిందో తెల్వది. గిట్లాంటి సూదులు తీస్కొని చీము పట్టి వచ్చినోళ్ళకు నేను కట్లు కట్టిన." తర్వాత మొగుడి వైపు తిరిగింది. "నీకైతే కట్టు కూడ కట్టకపోదును."

సోమవారం లక్ష్మే నన్ను వాళ్ళ ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు దగ్గరికి తీసుకెళ్ళింది. ఈసారి వ్యాయామాలు మానలేదు, జనవరి కోర్సు మాత్రం వదులుకున్నాను. నర్సింగ్ ఒక్కడే వెళ్ళి, మంచు మీది ఎండకి ముక్కు మీద తోలు ఊడి, నవ్వుతూ వచ్చాడు. ఆ మరుసటి ఏడు జనవరిలో ఎంపికకి ఇద్దరం వెళ్ళాం. జట్టులోకి అతన్ని తీసుకున్నారు, నన్ను తీసుకోలేదు. నా మోకాలు మాత్రం ఒక్కరోజూ మొరాయించలేదు.

ఆ సీసాలోని పొడి ఏమిటో నాకిప్పటికీ తెలియదు. ఇలాంటి పెప్టైడ్లలో కొన్ని రేపు నిజంగానే మంచి మందులు కావచ్చు, కానీ మనుషుల మీద సరైన పరీక్షలు జరగాలి, పైగా పోటీల్లో ఆడేవాళ్ళకి చాలావాటి మీద నిషేధం ఉంది అని మా డాక్టరు తర్వాత వివరంగా చెప్పారు. నేను భయపడి వెనక్కి తగ్గానని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. నా మోకాలి మీద నాకు లేని జాగ్రత్త, నా కోసం ఇంకొకరు చాపిన చెయ్యి చూశాక పుట్టింది. నాకు నయం కావడం అక్కడే మొదలైందనిపిస్తుంది.

మోకాలి నొప్పితో దబీర్‌పురా దారిన వచ్చేవాళ్ళకి ఒక్క మాట. ఇక్కడ స్టేషన్ల దగ్గర్నుంచి మిద్దెల దాకా అన్నీ మెట్లే. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు పెట్టండి, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు పెట్టండి. ఒక చెయ్యి కమ్మీ మీద ఉంచండి, రెండో చెయ్యి తోడొచ్చినవాళ్ళకివ్వండి.