ఇరవై ఏళ్లు కదలని ఆరు రూపాయలు

1968 వేసవి. శ్రీకాకుళంలో ఒక ప్రభుత్వ ఆఫీసులో అకౌంట్స్ గుమస్తాగా చేరి అప్పటికి తొమ్మిదేళ్లయింది నాకు. ఆఫీసు పేరు చెప్పను. జిల్లాలోని పల్లెటూరి ఆసుపత్రుల జమాఖర్చులు మా సెక్షన్‌కు వచ్చేవి. గదిలో రెండు ఫ్యాన్లుండేవి. తిరిగేది మా హెడ్‌క్లర్కు పట్నాయక్ గారి నెత్తిమీద ఉండేది, తిరగనిది నా నెత్తిమీద ఉండేది.

మే నెలలో వాల్తేరు నుంచి ఒక ఎకనామిక్స్ లెక్చరర్ మా పై ఆఫీసరు చీటీ పట్టుకుని వచ్చాడు. సిలోన్, బర్మా, పాకిస్తాన్, మన దేశం, ఇలా ఈ ప్రాంతపు ప్రభుత్వాలు ఏళ్ల తరబడి దేనిమీద ఎంత ఖర్చు పెడుతున్నాయన్నది ఆయన పరిశోధన. దేశాల లెక్కలు పుస్తకాల్లో దొరికాయట. ఒక జిల్లా లెక్క కూడా పక్కన పెట్టి చూసుకోవాలని ఆయన కోరిక.

"యుద్ధమో కరువో వస్తే ప్రభుత్వం ఖర్చు పెరుగుతుందండీ. అది తీరిపోయాక మళ్లీ పాత చోటికి దిగదు. అన్ని దేశాల్లోనూ ఇదే కనిపిస్తోంది," అన్నాడాయన.

"మా ఇంట్లోనూ అంతేనండి. దానికి యుద్ధం కూడా అక్కర్లేదు," అన్నాను. ఆయన నవ్వాడు గానీ పని మాత్రం నా మెడకే చుట్టుకుంది.

ఆయనకు కావలసింది ఇరవై ఏళ్ల సీరీస్. అంటే ఒక్కో హెడ్ కింద ఏటేటా అయిన ఖర్చును వరసగా పేర్చడం. హెడ్ అంటే పద్దు. జీతాలొక హెడ్, మందులొకటి, మరమ్మతులొకటి. చీపుర్లు, కిరసనాయిలు, నీళ్లు వంటి చిల్లర ఖర్చులన్నిటినీ కంటిన్జెన్సీ అంటారు. చెప్పడానికి సులువే. మా జిల్లా ఏర్పడకముందటి రిజిస్టర్లు విశాఖపట్నం నుంచి రావాలి. వచ్చినవాటిలో చెదలు తిన్నవి పోగా మిగిలినవి చూడాలి. పాత అణాలను పైసల్లోకి మార్చాలి. నెలన్నర పాటు అదే పని చేశాను. ఆయన చెప్పింది నిజమే, అన్ని వరసలూ పైకే పోతున్నాయి. కరువు భత్యం పెరిగిన ఏడాది జీతాల వరస ఒక్క గెంతు గెంతేది, ఆ తర్వాత దిగేది కాదు.

ఒక్క వరస మాత్రం కదల్లేదు. నౌపడ దగ్గర ఉప్పు మళ్ల పక్కనున్న ఒక ఊళ్లో చిన్న ఆసుపత్రి. దాని కంటిన్జెన్సీలో "నీళ్ల నిమిత్తం, నెలకు ఆరు రూపాయలు" అని ఉంది. పాత రిజిస్టర్లో ఆరు, కొత్త రిజిస్టర్లోనూ ఆరే. ఇరవై ఏళ్లలో కిరసనాయిలు పెరిగింది, చీపురు కూడా పెరిగింది. ఇదొక్కటీ పెరగలేదు.

అప్పట్లో నాకొక రోగం ఉండేది. తప్పు పట్టుకున్నాననుకుంటే ఆ పూట భోజనం కూడా మర్చిపోయేవాణ్ణి. అక్కడి కాంపౌండరు పాత బిల్లు చూసి కాపీ కొట్టి డబ్బు జేబులో వేసుకుంటున్నాడని తేల్చేశాను. వెంటనే మెమో రాశాను: పై ఖర్చునకు తగు వివరణ పంపవలెను, అంతవరకు ఆ మొత్తము డ్రా చేయరాదు. పట్నాయక్ గారు కళ్లజోడు వెతుక్కునే ఓపిక లేక చదవకుండానే ఆఫీసరు సంతకానికి పెట్టేశారు.

మూడు నెలల తర్వాత కాంపౌండరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "నీళ్లు వచ్చుట నిలిచిపోయినది. ఇచ్చటి నూతి నీరు ఉప్పన. సూదులు మరగబెట్టుటకు, పుండ్లు కడుగుటకు పనికిరాదు. రోగులను టెక్కలి పంపివేయుచున్నాను." నేను అడిగిన వివరణ అందులో ఒక్క ముక్క కూడా లేదు.

"నువ్వు ముడేశావు, నువ్వే విప్పుకురా," అన్నారు పట్నాయక్ గారు.

ఆమదాలవలసలో ప్యాసింజర్ ఎక్కి నౌపడలో దిగి, ఉప్పు మళ్ల గట్ల వెంబడి నడిచాను. ఎండకు ఆ తెల్లదనం కళ్లలో గుచ్చుకుంటోంది. ఆసుపత్రి అంటే రెండు గదులు, ఒక వరండా. కాంపౌండరు నలభై ఏళ్ల నెమ్మదస్తుడు. బిల్లుల సంగతి అడిగితే వెళ్లి ఒకావిణ్ణి పిలుచుకొచ్చాడు. పేరు ఎర్రమ్మ, వయసు నలభై అయిదు ఉండొచ్చు. మైలున్నర దూరంలోని మంచినీళ్ల నూతి నుంచి రోజుకు ఆరు కడవలు మోసుకొచ్చేది ఆవిడే. నా ఆరు రూపాయల వరస ఒక మనిషి అని అప్పుడు తెలిసింది.

"శ్రీకాకుళం నుంచి వచ్చారు," అని మాత్రం చెప్పాడు కాంపౌండరు.

"నా డబ్బులు తెచ్చినావేటి బాబూ?" అంది ఎర్రమ్మ.

"లేదమ్మా, చూసి వెళ్దామని వచ్చాను."

"సూడ్డానికేటున్నాది? రెండు నెల్లు ఊరికే మోసినాను. మూడో నెల కడవ బోర్లించీసినాను."

ఎన్నేళ్లుగా మోస్తున్నావని అడిగాను.

"ముందు మా అత్త మోసింది. ఆవిడి సచ్చిపోయాక నాను మోత్తన్నాను. అప్పటికి నా పెద్దోడు కడుపులో ఉన్నాడు. ఇప్పుడాడికి ఇద్దరు పిల్లలు."

"పెంచమని ఎప్పుడూ అడగలేదా?"

"ఎవుల్ని అడగాల? ఈ బాబుతో అయిదుగురు కాంపౌండర్లు మారినారు. అందరూ పైకి రాత్తామన్నారు. పైనంటే ఎక్కడో నాకేటి తెలుసు?" అని, తనే మళ్లీ అంది. "ఉన్న ఆరూ ఎవుడో గుమస్తా ఆపీసినాడంట. ఆడి నోట్లో మన్ను పడ. ఆడి పెళ్లాం ఉప్పునీల్లతో కూడు వండితే తెలుస్తాది ఆడికి."

కాంపౌండరు గోడకేసి చూస్తూ దగ్గాడు. మాట దాటేసి ఊరుకుంటే ఊరుకునేవాణ్ణే. ఎందుకో నోరు ఆగలేదు.

"ఆ కాగితం రాసింది నేనే," అన్నాను.

ఆవిడ కంగారు పడలేదు, తిట్టినందుకు క్షమించమనీ అనలేదు. "నీవేనేటి?" అని ఒకసారి ఎగాదిగా చూసి, వెనక్కి వెళ్లి ఆసుపత్రి నూతిలోంచి రేకు డబ్బాతో నీళ్లు తెచ్చింది. "తాగు," అంది.

నోట్లో పోసుకున్నాను. మింగలేక వరండా కిందికి ఉమ్మేశాను.

"నీ నోట్లో ఇమడని నీల్లు పుండు మీద పోత్తే ఆ మడిసి ఏటయిపోతాడో ఆలోసించినావా?" అంది. గొంతు పెంచలేదు. "ఇప్పుడు రాసుకో."

నాకు సిగ్గేసింది. ఆరు రూపాయల కోసం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేశాను. అదీ మనస్ఫూర్తిగా వేశాను.

తిరిగొచ్చి నిలిపిన డబ్బు విడుదల చేయించాను. అది ఒక్కరోజు పని. నెలకు పన్నెండు చేయాలని రాసిన నోట్ మాత్రం పట్నాయక్ గారి బల్ల మీదే ఆగిపోయింది.

"ఆవిడ పెంచమని అడిగిందా?" అన్నారాయన.

"అడగడానికి ఆవిడకు దారి తెలీదండీ."

"అడగందే అమ్మయినా పెట్టదు. గవర్నమెంటు పెడుతుందిటయ్యా? అర్జీ లేకుండా ఫైలు ఎలా తెరుస్తాను?"

అర్జీ నేనే రాశాను. గుమస్తా తన ఆఫీసుకే ఇంకొకరి తరఫున అర్జీ రాయడం తప్పని నాకు తెలుసు. నెలాఖరున బిల్లులతో వచ్చిన కాంపౌండరు చేతికిచ్చి పంపితే, పై నెలలో ఎర్రమ్మ వేలిముద్రతో తిరిగొచ్చింది. పట్నాయక్ గారు ఆ రోజు కళ్లజోడు పెట్టుకుని మరీ చదివారు.

"ఎర్రమ్మ దస్తూరీ గుండ్రంగా ఉందయ్యా," అన్నారు. "'రూపాయలు' అన్న చోట నీలాగే కొమ్ములు తిప్పుతోంది." ఆయన కలం తీసి "సిఫారసు చేయడమైనది" అని రాసి పైకి పంపేశారు. ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

లెక్చరర్ పట్టిక తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు ఆ వరస చూపించి సంగతంతా చెప్పాను. ఆయన ఆ వరస కింద పెన్సిలుతో గీత గీశాడు. "నా దగ్గరున్న దేశాల లెక్కల్లో ఇలాంటి వరసలు ఎన్ని ఉన్నాయో తెలీదండీ. అక్కడ నాకు దొరికేవి మొత్తాలే," అన్నాడు. మొత్తం పెరిగిందంటే అందులోని ప్రతి మనిషికీ పెరిగిందనుకోవడం తేలిక. నేను కూడా అలాగే అనుకున్నాను, అందుకే పెరగనిదాన్ని దొంగతనం కింద జమకట్టాను.

మంజూరు కావడానికి ఏడు నెలలు పట్టింది. ఆర్డరు కాపీ పోస్టులో పంపొచ్చు. కానీ సెలవు పెట్టి నేనే వెళ్లాను, మెచ్చుకుంటుందని లోపల ఆశ ఉండబట్టే. ఎర్రమ్మ అప్పుడే నూతి నుంచి వచ్చి కడవలు దించుతోంది.

"పన్నెండు చేశారమ్మా. ఈ నెల నుంచే," అన్నాను.

"మంచిదే బాబూ," అంది. కొంగుతో మొహం తుడుచుకుని, "మరి ఇన్నేల్లదీ?" అంది.

"వెనకటిది రాదమ్మా. ఆర్డరు వచ్చిన తేదీ నుంచే ఇస్తారు."

"ఏల రాదు? ఎనకటి నీల్లు తాగినారు కాదేటి?"

కోపంగా అడగలేదు. తెలియక అడిగింది, చదువుకున్నవాణ్ణి కదా, నాకు తెలుసనుకుంది. ఏరియర్స్ రూళ్లు నాకు కంఠతా వచ్చు. వాటిలో ఏ ఒక్కటీ ఆవిడ ముందు నోటికి రాలేదు. రైలు వేళయిందని చెప్పి వచ్చేశాను.

ఆ తర్వాత ఇరవై రెండేళ్లు ఉద్యోగం చేశాను. కదలని అంకె కనిపిస్తే మెమో రాయడం మానేసి, ముందు వెళ్లి అక్కడెవరున్నారో చూసుకోవడం నేర్చుకున్నాను. ఎర్రమ్మకు చెప్పాల్సిన జవాబు మాత్రం నేర్చుకోలేదు.