పదకొండు పొట్లాలు

నా చిన్నప్పుడు, పదేళ్ల వయసులో, ఆమదాలవలస స్టేషను ప్లాట్‌ఫారం మీద నేనొక బేరం కుదిర్చాను. అంత లాభసాటి బేరం మా ఇంట్లో అంతకుముందు ఎవరూ కుదర్చలేదు, ఆ తర్వాతా కుదర్చలేదు. రాసి నిండిపోయిన పాత పుస్తకం ఒకటి నేనివ్వాలి. దానికి బదులుగా నెల రోజులపాటు రోజుకో పొట్లం వేయించిన వేరుశనగ కాయలు నాకు ముట్టాలి. అవతలిదేమైనా అమాయకురాలా అంటే, రైళ్ల దగ్గర బుట్ట పెట్టుకుని జుట్టు నెరిసిపోయిన మనిషి. అలాంటి మనిషి పదిహేను రోజులంటే నేను నెలకు ఒప్పించాను.

అరవైల చివరి సంవత్సరాలవి. స్టేషను రోడ్డులో మా తాతయ్యకు కిరాణా కొట్టు ఉండేది. బేరం చెయ్యడం నేను ఆయన పక్కన బియ్యం బస్తా మీద కూర్చునే నేర్చుకున్నాను. ఆయన పద్ధతిలో పెద్ద రహస్యమేమీ లేదు. అవతలివాళ్లు మొదట చెప్పిన మాటకు అవుననకూడదు, కాదనీ అనకూడదు. ఊరుకోవాలి. త్రాసు గొలుసు చిక్కు తీస్తూనో, బెల్లం మీద ఈగలు తోలుతూనో ఊరుకుంటే, ఆ ఊరుకోవడం భరించలేక అవతలి మనిషే ఇంకో మెట్టు దిగుతాడు.

నేనూ అంతే చేశాను. కాయల ముసలమ్మ పదిహేనంటే సిగ్నలు స్తంభం వైపు చూస్తూ నిలబడ్డాను. ఇరవై అంది. ఇంకా చూశాను.

“ఏటే సావుకారి గుంటా, మాటాడవేటి? నీ తాత కంటే గట్టిదానివిలాగున్నావు. సరే, నెల. పట్టుకొచ్చీ,” అంది.

ఆ పుస్తకమేమిటో చెప్పాలి. మా తాతయ్య, మరో ముగ్గురు చిన్నప్పుడు ఒకే బళ్లో ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నారు. తర్వాత ఒకాయన నరసన్నపేటలో బట్టల కొట్టు పెట్టుకున్నారు, ఒకాయన గజపతినగరంలో పంతులుగారయ్యారు, ఒకాయన విజయనగరంలో స్థిరపడ్డారు. బడి విడిచి నలభై ఏళ్లు దాటినా ఆ నలుగురి మధ్య నీలం అట్ట పుస్తకం ఒకటి తిరుగుతూనే ఉండేది. పుస్తకం చేరినవాళ్లు మిగతా ముగ్గురు రాసింది చదివి, తమ సంగతులు రెండు పేజీలు రాసి, ఆ వైపు వెళ్లే తెలిసినవాళ్ల చేతిలో పెట్టి తరువాతి ఊరికి పంపేవారు. పెళ్లిళ్లు, పంటలు, పంటినొప్పులు, ఎప్పుడో వాళ్లను బెంచీ ఎక్కించిన మాస్టారి మీద జోకులు, అన్నీ అందులోనే.

ఆ పుస్తకానికి ఒక చట్టం ఉండేది, అదీ బళ్లో పుట్టిందే. పిల్లలు తగువులాడుకుని ‘నీతో పచ్చి’ అంటే ఇక మాటల్లేవని కదా. నెల దాటినా పుస్తకం కదలకపోతే, ఆపినవాడు మిగతావాళ్లతో పచ్చి అన్నట్టే. మనవల్ని ఎత్తుకునే వయసులో మీసాలు దువ్వుకుంటూ ఆ మాట చెప్పుకుని నవ్వుకునేవారు.

నా బేరానికి ముందు, ఒక విడతలో నరసన్నపేట తాత ఒక పరాచికం రాశారు. మా తాతయ్య చిన్నప్పుడు గోలీలు పంచినా ఒకటి నొక్కేసేవాడనీ, ఇప్పుడు తూకంలో వేలు పెడుతున్నాడేమోననీ. మా తాతయ్య తూకం ఎంత నికార్సైనదో ఊరంతటికీ తెలుసు. ఆ మాట ఆయనకు ములుకులా దిగింది. జవాబుగా ఆ విడత వాతావరణం గురించి నాలుగు ముక్కలు రాసి పంపేశారు. నరసన్నపేట తాతకు అర్థమైంది. పుస్తకం మళ్లీ వచ్చేసరికి చివరి పేజీలో ఆయన రాసింది మా తాతయ్య నాకు చదివి వినిపించారు కూడా. ‘ఒరే, సరదాకి రాసేను. తప్పయిపోయింది. తిట్టాలనుంటే రెండు పేజీలు తిట్టు గానీ రాయి.’

మా తాతయ్య రాయలేదు. పుస్తకం నిండిపోయింది, కొత్తది కుట్టించాలి, ఆ పని కానీ అన్నారు. ఇరవై రోజులు గడిచినా కొత్తది కుట్టించలేదు. పాతదాన్ని గల్లాపెట్టె పక్కన, చిత్తుకాగితాల కట్ట మీద పడేశారు. మా కొట్లో నిండిన పుస్తకమంటే పొట్లాల కాగితం, అంతే. ఇంకో కొట్టువాళ్ల పిల్లయినా నాలాగే అనుకునేది. కాకపోతే ఇంకో కొట్టువాళ్ల పిల్ల పదిహేను రోజులకే ఒప్పుకునేది.

పదకొండో రోజున నా పొట్లంలోంచి మా తాతయ్యకు గుప్పెడు కాయలు పెట్టాను. ఆయన కాయలు తిని, అలవాటుగా కాగితాన్ని తొడ మీద పరిచి చేత్తో సాపు చేశారు. సాపు చేస్తున్న చెయ్యి మధ్యలో ఆగింది. అది గజపతినగరం తాత చేతిరాత.

నన్ను కొట్టలేదు. కొడితే అక్కడితో తేలిపోయేది. నేరుగా ప్లాట్‌ఫారానికి నడిచి, ముసలమ్మకు నాలుగు కట్టల పాత పేపర్లు ఇచ్చి మిగిలిన పుస్తకం వెనక్కి తీసుకున్నారు. ఆవిడ వెనక నుంచి చింపుకుంటూ వచ్చింది. చివరి సగం లేదు. తర్వాత నాలుగు రోజులు, రైలు వెళ్లిన ప్రతిసారీ, కొట్టు ముందు ఎప్పుడూ వంగని మా తాతయ్య పట్టాల పక్కన వంగి నూనె కాగితాలు ఏరారు. నేనూ వెనకాలే ఏరాను. మూడు దొరికాయి. ఏదీ నరసన్నపేట తాతది కాదు. పుస్తకం చివరే ఉన్న ఆయన కాగితం మొదటి రోజునే రైలెక్కి పోయింది.

అయిదో రోజు నన్ను బస్సెక్కించుకుని నరసన్నపేట తీసుకెళ్లారు. సగం పుస్తకం నా ఒళ్లోనే పెట్టారు. గజపతినగరం తాత అప్పటికే పుస్తకం ఏదని కార్డులు రాసి అందరినీ అడిగారట, అంటే పుస్తకం ఆగిపోయిందన్న సంగతి నరసన్నపేటకూ చేరిపోయింది.

బట్టల కొట్టు గుమ్మంలో మా తాతయ్య చెప్పులు విప్పుతూండగానే లోపలున్నాయన లేచి నిలబడ్డారు.

“రండి, కూకోండి. ఏటి సూపించమంటారు? పంచెలా, తువ్వాళ్లా?”

“ఒరే, నేన్రా,” అన్నారు మా తాతయ్య.

“తెల్సండి. కూకోండి.”

నేను పుస్తకం చాపి, పుస్తకం నేనే కాయలకు ఇచ్చేశానని, తాతయ్యకు తెలియదని గబగబా చెప్పాను. ఆయన తీసుకుని చివరి నుంచి తిరగేశారు. చిరిగిన అంచుల మీద వేలు పెట్టి చూసుకున్నారు. తర్వాత నా తల నిమిరారు.

“పాపకి బాగా నేర్పేరు,” అన్నారు. “నేను తప్పయిందని రాసిన కాగితమే పోయిందన్నమాట. ముందరున్నవన్నీ బాగానే ఉన్నాయి. రూపాయి తువ్వాళ్లు కొత్తవొచ్చేయి, సూపించమంటారా?”

మా తాతయ్య ఒక తువ్వాలు తీసుకున్నారు. చెప్పిన ధర ఇచ్చేశారు. ఆయన బేరమాడకుండా ఒక వస్తువు కొనడం నేను చూసింది ఆ ఒక్కసారే. డబ్బు అందుకుంటూ నరసన్నపేట తాత “మళ్లీ రండి” అన్నారు, ఏ ఊరివాడో వచ్చి కొనుక్కుని వెళ్తున్నట్టు.

తిరుగు బస్సులో చాలాసేపు నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆయన ఆ కొత్త తువ్వాలుతోనే నా ముక్కు తుడిచారు.

“ఊరుకోయే గుంటా. నువ్వు అమ్మకపోయినా ఆ పుస్తకం ఎల్లేది కాదు. ఆడు తప్పయిందన్నాడు. నేను ఊరుకుంటే ఇంకో మాట దిగొస్తాడనుకున్నాను. కొట్లో కూకున్నట్టే కూకున్నాను ఆడితోటి,” అన్నారు. మళ్లీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

నరసన్నపేట తాత లేకుండా మిగిలిన ముగ్గురూ కొత్త పుస్తకం మొదలుపెట్టారు. రెండు విడతలు తిరిగి అదీ ఆగిపోయింది. ఎవరూ పచ్చి అనలేదు, ఊరికే ఆగిపోయింది. మా తాతయ్య పోయినప్పుడు నరసన్నపేటకు కబురు పంపాం. ఎవరూ రాలేదు.

ఇప్పుడు నాతో చదువుకున్న ఆడపిల్లలం, అంటే ముసలమ్మలం, తొమ్మిది మందిమి ఫోనులో ఒక గుంపుగా ఉన్నాం. ఎవరేం రాసినా ముందు జవాబు నాదే. ఎవరైనా నొచ్చుకుని మాటంటే, ఆ పూటే ఫోను చేసేస్తాను. ‘నీకు పనీ పాటా లేదే’ అని ఎగతాళి చేస్తారు, చేసుకోనీ. వాళ్లకు తెలియనిదేమిటంటే, ఊరుకోవడం నాకు ఇప్పటికీ బ్రహ్మాండంగా వచ్చు. ఫోను బోర్లా పెట్టి కూర్చుంటే అవతలిది రెండో మెట్టు, మూడో మెట్టు దిగుతుందని నాకు తెలుసు. ప్రతిసారీ చెయ్యి అటే పోతుంది. ప్రతిసారీ దాన్ని పట్టి లాక్కోవాలి.

ఇక ఆ బేరం సంగతి. నాకు రావలసినవి ముప్ఫై పొట్లాలు, ముట్టినవి పదకొండు. పోయినవి సగం పుస్తకం, నలుగురి జట్టు, మా తాతయ్యను ‘ఒరే’ అని పిలిచే గొంతు ఒకటి. వచ్చినదాంట్లో తువ్వాలు కూడా కలుపుకోవచ్చు. అది నాలుగేళ్లు మన్నింది. ఇంకోటి దాచేస్తే లెక్క తప్పుతుంది గనక రాసేస్తున్నాను. ఆ కాయలు చాలా బాగుండేవి.