నరాల బలహీనత అని రాశాను

2001 జూన్‌లో విజయవాడలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా చేరాను. హోదాలో సర్జన్ అని ఉన్నా నేను చూసేది జనరల్ మెడిసినే. గవర్నర్‌పేటలో లాడ్జి గది తీసుకున్నాను. పలకరించే మనిషి లేక సాయంత్రాలు గడిచేవి కావు. అందుకే ఓపీ అయిపోయినా రోగులతో కబుర్లు పెట్టుకునేవాణ్ణి.

అలా దగ్గరైనవాడు మస్తాన్. మైలవరం మనిషి. సరిహద్దులో పోరాడి, నాయక్ హోదాలో సైన్యం నుంచి వచ్చేసి, ఆటోనగర్‌లో ఒక లారీ షెడ్డుకు వాచ్‌మన్‌గా కుదిరాడు. టైరు పేలితే చాలు, లారీ కిందకు దూరి బోర్లా పడుకునేవాడు. మెకానిక్కులు నవ్వేవారు. మతి సరిగానే ఉందని డాక్టరు కాగితం తెస్తేనే పనిలో ఉంచుతానన్నాడు యజమాని.

మోకాలి మీద సుత్తితో తట్టి చూశాను, కాలు మామూలుగానే కదిలింది. నాడి ఎనభై. అంతలో నర్సు చేతిలోంచి స్టీలు ట్రే జారిపడింది. నాడి నూట ముప్ఫై దాటింది, పావుగంటైనా దిగలేదు.

"భయం కాదు సార్. ముందు ఒళ్ళు పడిపోద్ది, నాకు తరవాత తెలుస్తుంది," అన్నాడు.

అతను చెప్పింది అక్షరాలా నిజం. ముప్పు అనిపిస్తే ఆలోచన పూర్తికాకముందే సింపథెటిక్ నాడులు పని మొదలెడతాయి. మూత్రపిండాల మీది గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి, గుండె వేగం పెరిగి రక్తం కండరాలకు చేరుతుంది. ముప్పు తప్పాక మరికొన్ని నాడులు బ్రేకు వెయ్యాలి. నెలల తరబడి తుపాకి గుళ్ళ మధ్య బతికినవాడికి ఆ బ్రేకు ఆలస్యంగా పడవచ్చు. ఇది పిరికితనం కాదు, పిచ్చీ కాదు.

సర్టిఫికెట్ ఇంగ్లీషులో రాయడం రివాజు. యజమానికి అర్థం కావాలని నేను మంచికిపోయి తెలుగులో రాశాను: "నరాల బలహీనత. పనికి అర్హుడు." పిచ్చి అన్న మాట తప్పించానని లోలోపల మురిసిపోయాను కూడా.

మస్తాన్ మళ్ళీ రాలేదు. మూడు వారాలు చూసి ఆటోనగర్ వెళ్ళాను. యజమాని కుర్చీ వేయించాడు.

"నేను తియ్యలేదండీ, తనే మానేశాడు. ఆ కాగితం షెడ్డంతా చదివారు. లాడ్జి డాక్టర్లు గోడల మీద రాయిస్తారు చూడండి, ఆ జబ్బనుకున్నారు. పిల్లల్లేని మనిషి కూడానూ."

నాకు తల కొట్టేసినట్టయింది. మగతనం లేదని చెప్పడానికి ఊరంతా వాడే మాట అది. నేనుండే లాడ్జి గోడ మీదా ఉంది. రోజూ దాని ముందునుంచే పోతూ ఒక్కనాడూ పట్టించుకోలేదు.

నరాలు బలంగా ఉన్నాయనీ, యుద్ధపు ఒత్తిడి ఒంట్లో ఇంకా తగ్గలేదనీ కొత్త కాగితం రాసుకుని మైలవరం బస్సెక్కాను. ఇంట్లో మస్తాన్ ఒక్కడే ఉన్నాడు. భార్యను పుట్టింటివారు తీసుకెళ్ళారట. కాగితం చదివి, మడిచి నా చేతిలోనే పెట్టాడు.

"ఆ మాట మా అత్తగారి ఊరిదాకా పోయింది సార్. ఇది అంత దూరం పోదు," అన్నాడు.

తనే టీ కాచి ఇచ్చాడు. తాగి వచ్చేశాను.

ఆ తరవాత నా సర్వీసులో ఏ సర్టిఫికెట్టూ రోగికి చదివి వినిపించకుండా సంతకం చేయలేదు. మన మాట రోగి ఊళ్ళో ఏ అర్థంలో వినిపిస్తుందో కనుక్కోవడం కూడా పరీక్షలో భాగమే. మస్తాన్‌కు ఆ పరీక్ష నేను చేయలేదు.