మెడ మీద రెండో గడ్డ

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. కిరాణా కొట్టు నడుపుకునేవాడికి అంత తీరిక ఎక్కడిది? అయినా నిరుడు మా వరంగల్ దవాఖానలో జరిగినది చెప్పాలి.

మెడకు కుడివైపు నిమ్మకాయంత గడ్డ లేచింది. అందరికీ నిమ్మకాయ అనే చెప్పాను గానీ, నిజానికి ఉసిరికాయంతే. మా తమ్ముడు అలాంటి గడ్డతోనే పోయాడు. అందుకే ఇంట్లో ఎవరూ క్యాన్సర్ అనే మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు గట్టిగా వినబడింది.

మేడారం నుంచి తెచ్చిన బంగారం, అంటే అమ్మవార్లకు పెట్టిన బెల్లం, సున్నంలో కలిపి గడ్డకు పట్టు వేశాను. మా దగ్గర ఏ వాపుకైనా అదే మందు. గడ్డ తగ్గలేదు, తోలు కాలింది.

సూది పరీక్ష చేసే డాక్టరమ్మ చూసి తల పట్టుకుంది. "తాతా, గిట్ల పుండు జేసుకుంటే సూది యాడ గుచ్చాలె? మానినంక రా." మెడంతా తడిమింది, ఇంకో గడ్డ తగలలేదంది.

బయట బల్ల మీద కూలబడ్డాను. పుండు మానేదాకా ఆ భయంతోనే పడుకోవాలి. మా ఆవిడ నా చేతులు పట్టుకుని కూర్చుంది. నాకు ఇంకో పక్క కూర్చున్న, పసుపు రాసుకున్న ముసలామె నా కాలర్ ఎముక పైన వేలు పెట్టింది.

"కొడుకా, గీడ ఇంకోటున్నది. గిది జూపియ్."

చేయి విడిపించుకుని తడిమాను. శనగగింజంత, వేలి కింద కదిలింది.

మళ్లీ లోపలికి పోయాను. సూది జానెడుందని మా కొట్టుకు వచ్చేవాళ్లకు చెబుతుంటాను. ఇంజెక్షన్ సూదికన్నా సన్నమే. ఆ చిన్న గడ్డలోంచి కాస్త లాగి గాజు పలకల మీద పూశారు. రిపోర్టులో టీబీ అని వచ్చింది. మందులతో తగ్గే జబ్బు. టీబీ అని తెలిసి లడ్డూలు పంచిన ఇల్లు మాదొక్కటేనేమో.

ఆ రోజు సూది గుచ్చించుకుని బయటికొచ్చేసరికి ఆ ముసలామె లేదు. మా ఆవిడను అడిగాను.

"ఏ ముసలామె? నీకు అటుపక్క నా సంచి పెట్టిన. దాని పక్కకు గోడనాయె. మనిషి యాడ కూసుంటది?"

ఆమె పొగలా మాయమైందని, గజ్జెలు మోగాయని ఇన్నాళ్లూ కలిపి చెప్పాను. పొగా లేదు, గజ్జెలూ లేవు. అవి తీసేస్తే చల్లటి వేలొక్కటి మిగులుతుంది.

"నీ చెయ్యే తగిలుంటది తాతా" అంది డాక్టరమ్మ. కావచ్చు. కానీ అప్పుడు నా రెండు చేతులూ మా ఆవిడ చేతుల్లో ఉన్నాయి. అదెలాగో నాకిప్పటికీ తెలియదు.

మందులు వాడడం పూర్తయింది, గడ్డలు కరిగాయి. డాక్టరమ్మకు దండం పెట్టి, ఆ బల్లకూ ఒకటి పెట్టాను. అక్కడ కూర్చున్న పెద్దమనిషి, నేనెవరో తెలియకపోయినా, లేచి తిరిగి దండం పెట్టాడు.